పొడి అని రాసిన గోడలు

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న పెద్దలు ఇల్లు కొని చూడమనడం మాత్రం మరిచిపోయారు. కట్టించుకున్న ఇంట్లో ఏ ఇటుక ఎక్కడుందో, ఏ మేస్త్రీ ఏ రోజు తొందరపడ్డాడో ఆ కట్టించినవాళ్లకు కొంచెమైనా తెలుస్తుంది. కొనుక్కున్న ఇంట్లో తెలిసేది పైన వేసిన రంగు ఒక్కటే. ఆ రంగు ఎంత కొత్తగా ఉంటే అంత భయపడాలని గోడలమ్మ అనేది.

గోడలమ్మ అన్నది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. ఇళ్లు కొనేవాళ్ల నోట పుట్టి, అమ్మేవాళ్ల నోట పెరిగి, చివరికి సొంత తమ్ముడి ఫోనులో కూడా అలాగే స్థిరపడిపోయిన పేరు. తండ్రి పాత ఇళ్లు బాగుచేసే మేస్త్రీ. కూతురి పదహారో ఏట ఆమె చేతికి డ్రిల్లు మిషను ఇచ్చి, గోడ ఎక్కడ పగలగొట్టాలో, అంతకంటే ముఖ్యంగా ఎక్కడ పగలగొట్టకూడదో నేర్పాడు. ఇరవై మూడేళ్లు ఆమె స్నానాల గదుల్లో టైల్స్ ఊడగొట్టింది, గోడల్లోంచి పాత పైపులు లాగింది. ఆ మిషను అదురుకి సాయంత్రం చెంచా పట్టుకున్నా చెయ్యి వణికేది. మోకాళ్లు మొండికేశాక పగలగొట్టడం మాని, చూసి చెప్పడం మొదలుపెట్టింది. ఇల్లు కొనబోయేవాళ్ల తరఫున ముందుగా వెళ్లి, తడి ఎక్కడుంది, పగులు ఎక్కడుంది, ఏది దాచారు, ఏది పాపం అమ్మేవాళ్లకే తెలియదు అని తేల్చి చెప్పడం. అందులో దిగి పద్నాలుగేళ్లయింది.

ఆమె పద్ధతి ఆమెది. అడుగుపెట్టగానే ఇంటివాళ్లందరినీ వంటింట్లోకి పంపేసేది. "గోడ మీద ఎవరూ చెయ్యి వెయ్యకండి. మీ ఒంటి వేడి దానికి అంటుకుంటుంది" అని హెచ్చరించేది. తర్వాత కుడిచేతి నాలుగు వేళ్ల కొసలు గోడకు ఆనించేది. మోకాలి ఎత్తులో ఒకసారి, నడుము ఎత్తులో ఒకసారి, భుజం ఎత్తులో ఒకసారి. ఆనించి ఒక్క మాట అనేది. పొడి. తడి. లేదంటే, అనుమానం. తడి అన్నా అనుమానం అన్నా సంచిలోంచి రెండు ముళ్ల తేమ మీటరు తీసి గుచ్చి రూఢి చేసుకునేది. పొడి అంటే మాత్రం మీటరు సంచిలోంచి బయటికి రాదు. కొత్త రంగు మీద చిల్లులు పడితే అమ్మేవాళ్లు ఊరుకోరు మరి. కాబట్టి గుచ్చాలా వద్దా అన్నది వేళ్లే తేల్చాలి. ఆ ఒక్క మాటా వెనకే నడిచే తమ్ముడు రాసుకునేవాడు.

తమ్ముడు ఒక ఆఫీసులో ఇరవై ఏళ్లు మీటింగుల్లో ఎవరేమన్నారో రాసిపెట్టిన మనిషి. అక్కడ మాటలు ఎక్కువ, పని తక్కువ. ఇక్కడ ఒక్క మాటకే ఒక గోడ నిలుస్తుందని అతనికి ఈ పని మీద గౌరవం. మేకు కొట్టమంటే మాత్రం వేలు కొట్టుకునే రకం. పట్టికలు గీయడమంటే ప్రాణం. ఇళ్లు తనిఖీ చేసేవాళ్లు వాడే థర్మల్ కెమెరాల మీద రెండేళ్లుగా ఒక పట్టిక గీస్తూనే ఉన్నాడు. ఏ కెమెరా ఎన్ని చుక్కల్లో బొమ్మ చూపిస్తుంది, ఎంత బరువు, బ్యాటరీ ఎన్ని గంటలు, కింద పడితే ఏమవుతుంది. అతను ఆ పట్టిక తీసినప్పుడల్లా అక్కది ఒకటే మాట: "చెయ్యి ఉండగా గోడకి జ్వరం చూడ్డానికి థర్మామీటరెందుకురా?"

అలాంటి అక్క ఒక రోజు పొద్దున, కారు ఎక్కి సీటు బెల్టు పెట్టుకుంటూ, "ఆ కెమెరాల షాపేదో అన్నావు కదా, ఇవాళ చూసొద్దామా?" అంది.

తమ్ముడు తాళంచెవి తిప్పబోతూ ఆగిపోయాడు. "ఏంటక్కా, ఒంట్లో బాగానే ఉందా?"

అతను సరదాకే అన్నాడు. ఆమె మాత్రం గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, కుడిచేతిని ఒళ్లో సంచి కిందికి లాక్కుంది. "నీకు కావాలన్నావు, సరే అంటున్నా. వద్దంటే చెప్పు" అని కిటికీలోంచి బయటికి చూసింది.

జరిగింది ఇదీ. మూడు వారాల కిందట ఒక ఇంటి వెనక గదిలో, బట్టలుతికే మిషను పక్క గోడకి వేళ్లు ఆనించి, "పొడి" అంది. తమ్ముడు రాసుకున్నాడు. గది ఉక్కగా ఉంది. ఆమె నుదుటి మీది చెమట అదే చేత్తో తుడుచుకుంది. నుదుటికి చల్లగా తగిలింది. చెమట వేడిగా ఉంటుంది, ఇది చల్లగా ఉంది. చెయ్యి దించి చూసుకుంటే నాలుగు వేళ్ల కొసలూ తడితో మెరుస్తున్నాయి. గోడ తడిసి ఉందని నుదుటికి తెలిసింది, వేళ్లకి తెలియలేదు.

"ఆగు. అనుమానం" అంది వెంటనే. మీటరు తీస్తే, ముల్లు గుచ్చగానే కూసింది. తమ్ముడు పొడి కొట్టేసి తడి అని రాశాడు. అక్క మాట మార్చుకోవడం పద్నాలుగేళ్లలో అదే మొదటిసారి. మనిషన్నాక ఒకసారి పొరపడుతుందిలే అనుకున్నాడు.

ఆ సాయంత్రం గోడలమ్మ వంటింట్లో రెండు గ్లాసులు పెట్టుకుంది. ఒకటి పొడిది, ఒకటి బయటంతా నీళ్లు చల్లినది. కళ్లు మూసుకుని వాటిని అటూ ఇటూ మార్చి, తాకి చూసింది. ఎడమచెయ్యి ప్రతిసారీ సరిగ్గా చెప్పింది. కుడిచెయ్యికి రెండూ ఒకటే. ఇన్నేళ్లు తనకు అన్నం పెట్టిన వేళ్లు అవి.  ఏడుపు రాలేదు, భయం వేసింది.

పంటి నొప్పని తమ్ముడికి చెప్పి డాక్టరు దగ్గరికి వెళ్లింది. ఏళ్ల తరబడి అదిరే మిషను పట్టుకున్నవాళ్లకి ఇలా అవుతుందని, వేళ్ల కొసలకి రక్తం సరిగ్గా అందడం లేదని, చలికి తెల్లబడుతుంటాయని, పోయిన స్పర్శ పూర్తిగా తిరిగి రావడం కష్టమని ఆయన చెప్పాడు.

"ఎప్పటినుంచి ఇలా ఉందమ్మా?" అని అడిగాడు.

అదే ఆమెకీ తెలియదు. నొప్పి అయితే వచ్చిన రోజు గుర్తుంటుంది. తెలియకపోవడం చెప్పి రాదు కదా. మూడు వారాలుగా ఆమెను తినేస్తున్నది వేళ్లు పోయాయన్న దిగులు కాదు. ఆ వేళ్లను నమ్మి ఎన్ని గోడలకి పొడి అని చెప్పిందో, వాటిలో ఎన్ని గోడలు ఈపాటికి లోపల్లోపల నానుతున్నాయో అన్న లెక్క. ఆ గోడల పక్కన మంచాలుంటాయి, మంచాల మీద మనుషులుంటారు.

కెమెరాల షాపు ఒక పాత భవనంలో రెండో అంతస్తు. మెట్లెక్కేసరికి తమ్ముడి ఉత్సాహం రెట్టింపైంది, పట్టిక తీసి మడతలు సాపు చేశాడు. షాపాయన కళ్లజోడు నెత్తిమీద పెట్టుకుని అదే కళ్లజోడు కోసం సొరుగులు వెతుకుతున్నాడు. తమ్ముడు చూపిస్తే దించుకుని, నవ్వి, మూడు కెమెరాలు బల్ల మీద పెట్టాడు.

"ముందొక మాట చెప్తానమ్మా, తర్వాత నన్ను తిట్టుకోకూడదు" అన్నాడు. "ఇది నీళ్లని చూడదు. గోడ లోపలికి అసలే చూడదు. పైపైన వేడీ చల్లదనం చూస్తుంది, అంతే. తడి ఆరుతున్నచోట గోడ కొంచెం చల్లబడుతుంది. ఆ చల్లదనాన్ని చూపిస్తుంది. అది తడా, మరొకటా అనేది మీరే తేల్చుకోవాలి."

ఈ మాట గోడలమ్మకి నచ్చింది. తన వేళ్లు మాత్రం చేసిందేమిటి, చల్లదనం చూసి అనుమానించడమే కదా.

మూడింట్లో చిన్నది ఫోనుకి తగిలించుకునేది. అందులో గోడ చూస్తే గళ్ల దుప్పటి చూసినట్టుందని ఆమె పక్కన పెట్టేసింది. పెద్దదాంట్లో డెబ్భై ఆరువేల చుక్కలు. దానికి తెర లేదు, కన్ను ఆనించి చూడాలి. మధ్యదాంట్లో పంతొమ్మిదివేల చుక్కలే. కానీ పెద్దది డిగ్రీలో పదో వంతు తేడా పట్టుకుంటే ఇది ఇరవయ్యో వంతు పట్టుకుంటుందట. దీని తెర తలుపులా పక్కకి తెరుచుకుంటుంది, ఎటు కావాలంటే అటు తిరుగుతుంది.

"చుక్కల లెక్కలో పెద్దదేనక్కా" అన్నాడు తమ్ముడు పట్టిక మీద వేలు పెట్టి.

ఆమె కూడా పెద్దదానికే మొగ్గింది. చుక్కల కోసం కాదు. కన్ను ఆనించి చూసేది కాబట్టి, చూసేవాళ్లకి తప్ప పక్కవాళ్లకి ఏమీ కనిపించదు. ఇంటివాళ్లు ఎప్పటిలాగే వంటింట్లో కూర్చుంటారు, తను చూసి ఒక్క మాట అంటుంది, తమ్ముడు రాసుకుంటాడు. ఏమీ మారినట్టు ఉండదు.

"ఒక తమాషా చూపిస్తానుండండి" అని షాపాయన మధ్య కెమెరా తెర వాళ్లవైపు తిప్పాడు. "ఇద్దరూ ఆ గోడ మీద చేతులు పెట్టి, అయిదు అంకెలు లెక్కపెట్టి తీసేయండి."

తమ్ముడు చిన్నపిల్లాడిలా ముందుకొచ్చి అరచెయ్యి ఆనించాడు. కొనడానికొచ్చినవాళ్లం గోడ ముట్టకపోతే బాగుండదని ఆమె కూడా పక్కనే ఆనించింది. ఇద్దరూ చేతులు తీసేశారు.

ఉత్తకంటికి గోడ మీద ఏమీ లేదు. తెర మీద మాత్రం చేతులు అక్కడే ఉండిపోయాయి. తమ్ముడిది పసుపుపచ్చగా, అయిదు వేళ్లతో, గోరింటాకు పెట్టించుకోవడానికి చాపినట్టు నిండుగా ఉంది. పక్కన అక్కది ఒట్టి అరచెయ్యి. బొటనవేలు మసకగా ఉంది. మిగిలిన నాలుగు వేళ్లూ మొదటి కణుపు దాటి లేవు.

"కొంచెం గట్టిగా నొక్కాలమ్మా" అన్నాడు షాపాయన ఏమీ ఎరగక.

"నొక్కాను" అంది ఆమె.

తమ్ముడు తెర వంక చూశాడు, అక్క సంచి కింద దాచుకుంటున్న చేతి వంక చూశాడు. ఇరవై ఏళ్లు మనుషులు చెప్పింది రాసినవాడికి చెప్పనిది కూడా వినిపిస్తుంది. పట్టిక మడిచి జేబులో పెట్టుకున్నాడు. "రెండూ నాలుగు రోజులు వాడి చూసి, ఏదో ఒకటి తీసుకుంటాం" అని షాపాయనతో ఒప్పందం చేసుకుని, రెండు పెట్టెలూ తనే మోసుకుని మెట్లు దిగాడు.

కార్లో కూర్చున్నాక అడిగాడు. "ఆ రోజు పొడి అని, మళ్లీ అనుమానం అన్నావే. అదేనా?"

"అదే."

"నాకు చెప్పొచ్చు కదక్కా."

"చెప్తే నువ్వు రాసేస్తావురా" అంది.  నుదురు సంగతి, గ్లాసుల సంగతి, పంటి నొప్పి కాని పంటి నొప్పి సంగతి అన్నీ చెప్పింది.  అతను అంతా విని, "ఇప్పుడు కెమెరా ఉందిగా, ఇంక దిగులెందుకు?" అన్నాడు.

"ఇక మీద చూసే ఇళ్ల గురించి దిగుల్లేదు. చూసేసిన ఇళ్ల సంగతి?"

తమ్ముడికి అప్పుడు అర్థమైంది. "అక్కా, ఎవరైనా ఫోను చేశారా? ఒక్కరైనా మాట అన్నారా? కందకి లేని దురద కత్తిపీటకెందుకు?"

"నాకు దురద పెడుతోంది మరి."

"మనంతట మనం వెళ్లి, మేం చూసింది తప్పేమో అంటే ఇంకెవరైనా మనల్ని పిలుస్తారా? కడుపు చించుకుంటే కాళ్ల మీదే పడుతుంది."

"తెలుసు" అంది గోడలమ్మ. "చలికే వేళ్లు తెల్లబడతాయన్నాడు డాక్టరు. ఈ చలికాలం మొదలైనప్పటినుంచి రాసిన రిపోర్టులు తియ్యి. నా చెయ్యి తప్ప వేరే రుజువు లేకుండా పొడి అని రాసినవి ఎన్నున్నాయో చూడు."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం తన అక్క అని అతనికి చిన్నప్పుడే తెలుసు. ఆ మధ్యాహ్నం రిపోర్టులన్నీ ముందేసుకుని చూశాడు. పదకొండు ఇళ్లు తేలాయి. అందరికీ ఫోను చేసి, కొత్త పరికరం పరీక్షిస్తున్నాం, ఊరికే ఒకసారి చూసిపోతాం అని చెబుదామన్నాడు. అది అబద్ధం కాదు, నిజమూ కాదు. ఆమెకి మింగుడుపడకపోయినా సరేనంది, ముందు గోడలు చూడటం ముఖ్యం.

మొదటి ఇంట్లోనే పరువు పోయినంత పనైంది. స్నానాలగది తలుపు తీసి పెద్ద కెమెరాకి కన్ను ఆనించగానే ఎదుటి గోడలో మనిషంత ఎర్రటి మచ్చ కనిపించింది. గోడ లోపల వేడినీళ్ల పైపు పగిలిందనుకుంది. "తమ్ముడూ, మీటరు" అంటూ ఎడమకి జరిగింది. మచ్చ కూడా ఎడమకి జరిగింది. కుడికి జరిగితే కుడికి జరిగింది. నున్నటి టైల్స్ మీద పడ్డ ఆమె ఒంటి వేడే అది.

తమ్ముడు కూడా కన్ను పెట్టి చూసి, పడీపడీ నవ్వాడు. "ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ కెమెరా మాత్రం నిన్ను పట్టేసిందక్కా."

ఆమె కూడా నవ్వింది. నవ్వాక ఆ మాట లోపల ఎక్కడో గుచ్చుకుంది. రెండో ఇంట్లో పడగ్గది మూల నీలంగా కనిపించింది. మీటరు గుచ్చితే పొడి. అది బయటి చలి తగిలే మూల, అంతే. ఈ యంత్రానికి కూడా తెలియనివి ఉన్నాయని, అది కూడా అనుమానం దగ్గరే ఆగిపోతుందని తెలిసినకొద్దీ ఆమెకి దాని మీద ఒక రకమైన ఆపేక్ష పుట్టింది. పద్నాలుగేళ్లుగా తను మాత్రం అనుమానం దగ్గర ఆగకుండా, పొడి అని తీర్పు చెప్పేస్తూ వచ్చింది. తన మాటే ముద్ర అయినప్పుడు దాన్ని మళ్లీ గుచ్చి చూసేవాళ్లు ఎవరుంటారు?

మూడో రోజు సాయంత్రానికి పది ఇళ్లయ్యాయి. పదీ పొడే. ఒక్కో ఇల్లు దాటినకొద్దీ ఆమె వీపు కొంచెం కొంచెం నిటారైంది. మిగిలింది ఒక దర్జీ ఇల్లు. నాలుగు నెలల కిందట కొనుక్కున్నాడు, ఒక్కడే ఉంటాడు. మిగతావాళ్లందరూ రమ్మన్నారు, ఇతను మాత్రం ఫోనులో వద్దన్నాడు. ఇల్లు శుభ్రంగా లేదు, మళ్లీ ఎప్పుడైనా చూద్దాం అన్నాడు.

"రావద్దన్నాడుగా. పదికి పది సరిపోయాయి, ఇంక వదిలెయ్యక్కా" అన్నాడు తమ్ముడు.

"ఇల్లు శుభ్రంగా లేదని దర్జీ అన్నాడా? సూది కిందపడితే దొరికేదాకా నిద్రపోని మనిషి. రేపు పొద్దున వెళ్దాం" అంది ఆమె.

తలుపు తీసిన దర్జీ వాళ్లను చూసి మొహమాటంగా పక్కకి తప్పుకున్నాడు. చలిలో కూడా కిటికీలన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. ముందు గదిలో కుట్టుమిషను, కత్తిరించే బల్ల, కుట్టిన బట్టలన్నీ ఒక్కొక్కటీ ప్లాస్టిక్ సంచిలో దూర్చి తగిలించి ఉన్నాయి. ఇల్లు అద్దంలా ఉంది. నేలంతా సబ్బు వాసన. ఆ వాసన కింద మరో వాసన ఉంది. తడిగుడ్డ మడతపెట్టి మరిచిపోతే వచ్చే వాసన. ముక్కు ఇంకా పనిచేస్తోందని గోడలమ్మ అనుకుంది.

అలవాటు కొద్దీ అతన్ని వంటింట్లో కూర్చోమని, వెనక గదిలోకి నడిచింది. గుడ్డ తానులు పేర్చిన బీరువా పక్కగా పెద్ద కెమెరాకి కన్ను ఆనించింది. కిటికీ కింది మూలనుంచి నీలం రంగు కారినట్టు దిగి, బీరువా వెనక్కి పాకింది. మచ్చ అటూ ఇటూ జరగలేదు. మీటరు గుచ్చింది. కూసింది. జానెడు అవతల గుచ్చింది. అక్కడా కూసింది.

దర్జీ వంటింట్లో ఉండలేక గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాడు. "పొడేగా అమ్మా?" అన్నాడు.

 అతను సమాధానం కోసం ఆగకుండా, బల్ల సొరుగులోంచి ప్లాస్టిక్ కవరులో దాచుకున్న రిపోర్టు తెచ్చి, ఆ పేజీయే తెరిచి చూపించాడు. వెనక గది, కిటికీ గోడ, పొడి, చేత్తో చూసి నిర్ధారించడమైనది. తమ్ముడి గుండ్రటి అక్షరాలు.

"మీరు పొడి అని రాశారు కదా, అందుకని తప్పు నా ముక్కుదే అనుకున్నానమ్మా" అన్నాడు దర్జీ. "మొదట్లో వాసనొస్తోందేమో అనిపించి, బట్టలు ఇంట్లో ఆరేయడం మానేశాను. ఇల్లంతా కడిగాను. వద్దన్నా మీరు వస్తారేమోనని నిన్న కూడా కడిగాను. కొత్త బట్టలు వాసనొస్తున్నాయని ఇద్దరు ముగ్గురు వెనక్కి తెచ్చారు. గోడ పొడిగా ఉంటే మరి వాసన ఎక్కడిది? నా ఒంటిదేమో అనుకున్నా. రోజుకి రెండుసార్లు స్నానం చేస్తున్నా. మనుషులకి దగ్గరగా నిలబడి కొలతలు తీసుకోవాలంటే సిగ్గుగా ఉంటోంది."

గోడలమ్మ ఎన్నో రకాల నష్టాలు ఊహించుకుని వచ్చింది. బూజు, ఊడిన పెచ్చులు, పాడైన గుడ్డలు, తిట్లు. తను అన్న ఒక్క మాట పట్టుకుని ఒక మనిషి నాలుగు నెలలు తనని తాను కడుక్కుంటూ కూర్చుంటాడని మాత్రం ఊహించలేదు. సిగ్గుతో ఆమె మొహం వేడెక్కింది. ఇప్పుడు ఎవరైనా కెమెరా పెట్టి చూస్తే అది ఎర్రగా కనిపించేది.

పెద్ద కెమెరా తమ్ముడి చేతికిచ్చేసింది. మధ్యది తీసి, తెర తెరిచి, దర్జీకి అందించింది. "మీరు చూడండి. అటు తిప్పండి, కిటికీ కిందికి. ఆ నీలం కనిపిస్తోందా?"

"కనిపిస్తోంది."

"ఇప్పుడు మీ చెయ్యి పెట్టండి అక్కడ."

"నేను ముట్టుకోవచ్చా?" అన్నాడు. నాలుగు నెలల కిందట గోడ మీద చెయ్యి వెయ్యొద్దన్నది అతనికి ఇంకా గుర్తుంది.

"మీరే ముట్టుకోవాలి."

సన్నటి గుడ్డలో దారం ముడి ఎక్కడుందో చూడకుండా చెప్పగల వేళ్లు అతనివి. గోడకు ఆనించిన మరుక్షణం అతని కనుబొమలు ముడిపడ్డాయి. "తడి" అన్నాడు అడుగుతున్నట్టు. మళ్లీ ఆనించి, "తడమ్మా ఇది" అన్నాడు.

"తడే. మీ ముక్కుది తప్పు కాదు. నా చేతిది. ఈ వేళ్లకి స్పర్శ పోయింది, ఎప్పుడు పోయిందో నాకే తెలీదు. తెలిశాక వెతుక్కుంటూ వచ్చాను. కొత్త పరికరం పరీక్షించడానికని ఫోనులో చెప్పింది ఉత్తమాట."

దర్జీ చెయ్యి తీసేశాడు. తెర మీద నీలం మధ్యలో అయిదు వేళ్లూ కాసేపు వెలిగి, మెల్లగా ఆరిపోయాయి. అతని మొహంలో కోపం రావడం ఆమె చూసింది. రావాలనే కోరుకుంది.

"కొలత దొరకనప్పుడు నేను గుడ్డ కత్తిరించనమ్మా" అన్నాడు. "సరిగ్గా తెలీనప్పుడు తెలీదని రాయాలి. పొడి అని రాయకూడదు."

"రాయకూడదు" అంది ఆమె. "కిటికీ కింద చట్రానికీ గోడకీ మధ్య సందుంది, వాననీళ్లు అక్కణ్నుంచి దిగుతున్నాయి. అది పూడ్పించి, గోడ ఆరాక మళ్లీ రంగు వేయించే పూచీ మాది. అదంతా తర్వాత. మీకు ఇంకా ఏమైనా అనాలని ఉంటే అనండి, వింటాను."

అతను తల ఎత్తి, కళ్లు మూసుకుని, గట్టిగా గాలి పీల్చాడు. నాలుగు నెలలుగా కాదనుకుంటూ వచ్చిన వాసనని ధైర్యంగా, మనసారా పీల్చాడు. "అయితే వాసన ఉందన్నమాట" అన్నాడు.

"ఉంది" అంది గోడలమ్మ.

"నిజంగానే ఉంది" అని అతను తన చొక్కా చేతిని ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకున్నాడు.  వచ్చేది నవ్వో ఏడుపో తేలకముందే అటు తిరిగి బీరువా జరపడానికి వంగాడు. తమ్ముడు రెండో వైపు పట్టుకున్నాడు.

బీరువా జరిపాక తమ్ముడు కలం తీసి, పాత రిపోర్టులో పొడి కొట్టేశాడు. తడి అని రాసి, "చేత్తో చూసి నిర్ధారించడమైనది అని ఉందక్కా. అది ఉంచనా, తీసేయనా?" అని అడిగాడు.

"ఉంచు. అది ఎవరి చెయ్యో కూడా రాయి" అంది ఆమె.

ఆ మధ్యాహ్నమే షాపుకి వెళ్లారు. షాపాయన కళ్లజోడు ఈసారి ముక్కు మీదే ఉంది. పెద్దదే తీసుకుంటారనుకుని ముందే కొత్త పెట్టె దించి ఉంచాడు. గోడలమ్మ దాన్ని పక్కకి జరిపి, తెర తిరిగేది చూపించింది.

"చుక్కలు తక్కువ కదమ్మా ఇందులో?" అన్నాడు.

"తక్కువైనా ఇంటివాళ్లకి కనిపిస్తాయి" అని తమ్ముడే జవాబు చెప్పాడు.

కొత్తది పెట్టెలోంచి తీసి, పనిచేస్తోందో లేదో చూద్దామని షాపాయన మళ్లీ గోడ మీద చెయ్యి పెట్టమన్నాడు. తమ్ముడు ముందుకు రాబోయాడు. అక్క అతన్ని ఆపి, సంచి భుజానికి తగిలించుకుని, కుడిచెయ్యి గోడకు ఆనించింది. అయిదు అంకెలు నిదానంగా లెక్కపెట్టి తీసింది. తెర మీద ఒట్టి అరచెయ్యి మిగిలింది.

షాపాయన తెర తుడిచాడు, మళ్లీ చూశాడు. "గట్టిగా నొక్కలేదేమో" అన్నాడు.

"నొక్కానండీ. కెమెరా బాగానే ఉంది" అంది గోడలమ్మ. చెయ్యి దాచుకోలేదు. "నా వేళ్లే పోయాయి. అందుకే కొంటున్నాను."